మునిరత్నమ్మ పసుపు పెట్టిన కుక్క

ఎండలో నిలబడి ఇన్ని అడిగితే నేనేం చెప్తానప్పా, వచ్చి ఈ అరుగు మీద కూర్చోని అడుగు. నా బిడ్డకు పెళ్ళి చేసినప్పుడు మొగపిల్లోడి తరఫు వాళ్ళు కూడా ఇన్ని మాటలు అడగలేదు. పిల్ల నల్లగా ఉంటుందా ఎర్రగా ఉంటుందా, సంగటి కెలికేది వచ్చునా అని అడిగినారు, లేచి పోయినారు. నువ్వు ఒక కుక్కను ఇచ్చేదానికి గేటు ఎత్తెంత, మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు, ఆ ఇంట్లో అరుపులు వినపడతాయా అని అడుగుతాండావు.

అరుపులు వినపడని ఇల్లు ఈ కాలనీలో యాడుండాది నాయనా? ఉంటే చూపించు. నేనే పోయి ఆడ బాడుగకు ఉంటా.

హేమంతా నీ పేరు? మంచిది. కుప్పం నుంచి పలమనేరు మీద బండిలోనే వచ్చినావా? అయితే నడుము పోయుంటుంది. ఈ మజ్జిగ తాగు. నిన్ను కుక్క కావాలని అడిగిన మా పక్కింటి సుమలత ఇంట్లో కాఫీ తాగే వచ్చినావని నాకు తెలుసులే. సగం తాగి పెట్టేసినావని కూడా తెలుసు. ఆ ఇంట్లో కాఫీలో చక్కెర ఎక్కువ, మనుషులు మాట్లాడుకునేది తక్కువ.

నన్ను పాపక్క అంటారు. ఈ పుంగనూరులో మా కాలనీ వరకూ ఎవరింట్లో ఏం ఉడుకుతాండాదో మూత తియ్యకముందే నాకు తెలుస్తుందని నా మీద ఒక నింద ఉండాది. నింద కాదులే. నిజమే.

నేనూ నిన్ను ఒకటి అడగాల. కొనేదానికి పోతే ఎవుడూ ఏమీ అడగడు. దుడ్డు తీసుకుంటాడు, కుక్కను చేతిలో పెడతాడు, పోయిరాండి అంటాడు. ఊరికే ఇస్తామనే మీరు మాత్రం పక్కింటోళ్ళను కూడా విడిచిపెట్టరు. జనం కొనుక్కోక ఏం చేస్తారు? మొగం అట్ల పెట్టుకోవద్దప్పా, తప్పని అనలేదు. అడగాల్సిందే. అడగని చోట ఏం జరుగుతుందో చెప్పేదానికే నేను ఈడ కూర్చోనుండేది.

సుమలత ఆ కుక్కను బాగా చూసుకుంటుందా అని కదా నువ్వడిగింది? దానికి నా దగ్గర ఒక్కటే మాట ఉండాది. అది ముందే చెప్తే నువ్వు లేచి పోతావు. అందుకని చివరికి చెప్తా.

ఆ పిల్లది సోమల పక్క. అమ్మా నాయనా టమోటా కోతలకు, చెనక్కాయలు పీకేదానికి పోయి చదివించినారు. ఇప్పుడు ఈడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మొగుడు నరేంద్ర కరెంటు ఆఫీసులో ఉండాడు. అత్త మునిరత్నమ్మ వీళ్ళ దగ్గరే ఉంటుంది. మామ నారాయణస్వామి పెద్దమండ్యంలో చేను చూసుకుంటా ఆడే ఉండాడు, పండగకు వస్తాడు, కోపమొస్తే పోతాడు. పిల్లలు ఇంకా లేరు. ఎందుకు లేరో నాకు తెలుసు గాని, నువ్వు అడగలేదు కాబట్టి చెప్పను.

కొత్తమిద్దె కట్టినారు. చేరిన దినమే నరేంద్ర గేటుకు 'కుక్క ఉంది జాగ్రత్త' అని బోర్డు తగిలించినాడు. కుక్క లేదు. బోర్డుంటే దొంగలు రారని ఎవరో చెప్పినారంట. దొంగలు రాలేదు, నిజమే. పాలాయన కూడా రాలేదు, రోడ్డు మీదే నిలబడి పిలిచేవాడు. ఆఫీసు వాళ్ళు ఒకసారి భోజనానికి వచ్చి, ఏదప్పా నీ కుక్క అని ఇల్లంతా వెతికి నవ్వినారు. ఆయప్పకు తలవంపులైంది. బోర్డు పీకేస్తే సరిపోయేది. కుక్కను తెచ్చేదే మర్యాద అనుకున్నాడు.

కుక్కే కావాలంటే ఆ కొళాయి కాడ వీధికుక్క పిల్లలు పెట్టుండాది, ఒకదాన్ని తెచ్చుకుందామని సుమలత అనింది. చిన్నప్పుడు సోమలలో వాళ్ళింట్లో అట్లాంటిదే ఒకటి ఉండేదంట. దానికి పేరు కూడా పెట్టలేదంట. అది మాత్రం ఆ పిల్లను బడి దాకా దిగబెట్టి వచ్చేదంట.

ఆ కొళాయి కాడ పిల్లల సంగతి కూడా విను. మా కాలనీ వాళ్ళు దయగలోళ్ళు. ఒక్కొక్కరే వచ్చి, పిల్లను పైకెత్తి, కింద చూసి, మగదైతే చంకలో పెట్టుకోని పోయినారు. ఆడదైతే ఎత్తినకాడే పెట్టేసి పోయినారు. ఆడకుక్కను పెట్టుకుంటే ఊర్లో మగకుక్కలన్నీ వాకిట్లోనే కాపురం పెడతాయి, మళ్ళా పిల్లలు, మళ్ళా గోల, ఎవరు పడతారని. మిగిలిన ఆడపిల్లలు ఏమైనాయని అడగొద్దు. ఇది లారీలు పోయే దావ.

నరేంద్రకు వీధికుక్క అనే మాటే నచ్చలేదు. పుంగనూరోళ్ళం కదా నాయనా, జాతి అనే మాట మాకు తొందరగా తలకెక్కుతుంది. మా పొట్టి ఆవు కోసం యాడాడ నుంచో కార్లేసుకోని వస్తారు. ఈడ ఆ ఆవును పెంచినోళ్ళ కంటే దాన్ని గురించి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. అట్లాంటి ఊర్లో కరెంటు ఆఫీసాయన వీధికుక్కకు గొలుసేసుకోని నడుస్తాడా?

మదనపల్లి పక్క ముద్దుకృష్ణ అని ఒకడుండాడు. ముందర కోళ్ళఫారం పెట్టినాడు. జబ్బొచ్చి కోళ్ళన్నీ పోయినాయి, షెడ్డు మిగిలింది. ఆ షెడ్డులోకి కుక్కల్ని తెచ్చినాడు. కోళ్ళైతే గుడ్లు, కుక్కలైతే పిల్లలు. వాడు పెద్దగా మార్చాల్సింది ఏమీ రాలేదు.

మొగుడూ పెళ్ళాం ఆటో మాట్లాడుకోని పోయినారు. ముందర ఒక రూము, టైల్సు, ఫ్యాను, గోడకు కప్పు గెల్చిన కుక్క ఫోటో. పరుపు మీద ఒక ల్యాబ్ కుక్క పడుకోనుండాది. స్నానం చేయించి పౌడరు కొట్టినారు, వాసన ఆటో దాకా వస్తాండాదంట. దాని పక్కన టమోటా క్రేటులో పేపర్లు పరిచి, దాంట్లో పిల్లలు. ఇదే వీటి తల్లి అన్నాడు ముద్దుకృష్ణ. నరేంద్ర మురిసిపోయినాడు. ఫోటోలు కూడా తీసుకున్నాడు, దానితో కలిసి.

సుమలత కాన్పుల వార్డులో పని చేసిన పిల్ల. పరుపు మీద దాని కడుపు పక్క చూసింది. ఎండిపోయిన రొమ్ములు. పక్కనే క్రేటులో పిల్లలు కుయ్యిమంటాండాయి, అది ఒక్కసారి కూడా తల తిప్పలేదు. వీటిని కన్నది ఇది కాదని ఆ పిల్లకు ఆడనే అర్థమైపోయింది.

మొగోళ్ళు ఇద్దరూ మాటల్లో పడినారు. బాత్రూము యాడుండాదని అడిగి సుమలత వెనక్కి పోయింది.

వెనక పాత కోళ్ళ జాలీ బోన్లే ఉండాయంట, వాటిలో ఆడకుక్కలు. కింద కూడా జాలీనే, పెంట కిందికి రాలిపోయేదానికి. కోడికాళ్ళకు చేసిన జాలీ మీద కుక్క నిలబడితే ఏమవుతుంది? వేళ్ళన్నీ విచ్చుకోని, పాదాలు పరుచుకోని పోయుండాయంట. ఒకదానికి ఎడమ చెవి సగం లేదు. దాని రొమ్ములు నిండి వేలాడతాండాయి, పాలు కారి జాలీ సందుల్లోంచి కింద పడతాండాయి. ముందర రూములో పిల్లలు కుయ్యిమన్నప్పుడల్లా అది లేస్తాది, జాలీకి ముక్కు ఆనిస్తాది, మళ్ళా పడుకుంటాది.

అదీ తల్లి.

సుమలత తిరిగి ముందర రూములోకి వచ్చేసరికి నరేంద్ర ఒక మగపిల్లను ఎంచి పెట్టుకోనుండాడు. దాన్ని ఎత్తి సుమలత ఒళ్ళో పెట్టినాడు. అది చున్నీ కొస పట్టుకోని చప్పరించింది. ఇప్పుడు చెప్పాల, ఇప్పుడు చెప్పాల అనుకుంటానే ఆటో ఎక్కింది.

దావలో నరేంద్ర అడిగినాడంట, తల్లిని చూసినావు కదా, ఎంత బాగుండాదో అని.

చూసినా, అనింది.

అబద్ధం కాదు కదా నాయనా. చూసింది.

కుక్కకు సీజర్ అని పేరు పెట్టినారు. ఎట్ల చూసుకునింది అంటావా? ఆ పిల్ల మొగునికి జ్వరమొస్తే మాత్ర చేతిలో పెట్టి డ్యూటీకి పోయింది. కుక్క తుమ్మితే సెలవు పెట్టింది. నరేంద్ర ఈ మాట నాకే చెప్పుకోని బాధపడినాడు. నేను ఎవరికీ చెప్పనని చెప్పి, అందరికీ చెప్పినా.

ఆ తర్వాతే ఆ పిల్ల ఫోన్లో స్టేటస్లు పెట్టేది మొదలైంది. కుక్కల్ని కొనొద్దండి, దిక్కులేని వాటిని తెచ్చుకోండి, కొనే ప్రతి పిల్ల వెనకా ఒక తల్లి బోనులో ఉంటుంది, అని. పొద్దన్నే ఒకటి, మాపున ఒకటి. ఇంట్లో ముద్దుకృష్ణ దగ్గర కొన్న కుక్క సోఫా మీద పడుకోనుంటే, దాని పక్కనే కూర్చోని పెట్టేది. చూసినోళ్ళు నవ్వుకున్నారు. నేనూ నవ్వినా. ఆ రాతలు లోకానికి కాదు, ఒక చెవి తెగిన కుక్కకు రాస్తాండాదని నాకప్పుడు యాడ తెలుసు?

సీజర్ పెద్దదైంది. ఒకనాడు ముద్దుకృష్ణ నరేంద్రకు ఫోన్ చేసినాడు. మా మగకుక్క ముసలిదైపోయింది అన్నా, మీదాన్ని చూసినా, సింహం మాదిరి ఉండాది, మా ఆడదాన్ని తీసుకోని వస్తా, పుట్టినదాంట్లో ఒక పిల్ల మీకు, అన్నాడు. నరేంద్రకు సింహం అనే మాట చాలు. సుమలత మాత్రం ఒప్పుకోలేదు. ఆ మనిషి మన వాకిలి తొక్కకూడదనింది. సరేలే, వద్దని చెప్తాలే అన్నాడు ఈయప్ప. చెప్పలేదు. ఈయప్ప వద్దని చెప్పలేకే కదా కాలనీలో సగం మందికి జామీను సంతకాలు పెట్టింది.

వాడు ఒక మధ్యాహ్నం ఓమ్ని వ్యానులో దిగినాడు. నరేంద్ర ఆఫీసులో, సుమలత డ్యూటీలో. ఇంట్లో మునిరత్నమ్మ ఒక్కటే.

ఈడ నీకు ఒక ఆచారం చెప్పాల నాయనా, లేకపోతే ఆయమ్మను తప్పుగా అనుకుంటావు. వాళ్ళది గొడ్లున్న ఇల్లు. ఆయమ్మ మామ గంగప్ప ఊరి కోడెను మేపినాడు. ఎదకొచ్చిన ఆవును ఎవరు తోలుకోని వచ్చినా వాళ్ళింట్లో కాదనకూడదు. దుడ్డు ముట్టుకోకూడదు. వచ్చినోళ్ళు దోసెడు ఉలవలు కోడె ముందర పోస్తారు. ఇంటి ఆడది ఆ ఆవు నొసట పసుపు కుంకుమ పెట్టి, వీపు మీద చెంబుడు నీళ్ళు పోసి కోడె మీదికి తోలిస్తాది.

పసుపు పెట్టేదానికి ముందర మాత్రం ఒక మాట అడగాల. ఇది ఏ ఇంటిది, దీని తల్లి ఎవరిది, మా కోడెకు ఇది ఏమన్నా అవుతుందా అని. అవుతుందంటే పసుపు గిన్నె లోపలికి పోతుంది. వాళ్ళు ఇంకో ఊరి కోడె దగ్గరికి తోలుకోవాల్సిందే. తల్లికీ బిడ్డకూ కట్టిస్తే ఆ కొట్టంలో ఇంక గొడ్డు నిలవదని వాళ్ళ పెద్దోళ్ళు చెప్పినారు.

మునిరత్నమ్మకు కుక్క కూడా గొడ్డే. వాకిలికి వచ్చింది, కాదనకూడదు. పసుపు గిన్నె తెచ్చుకునింది. నేనూ పోయి నిలబడినా. ఇట్లాంటివి చూడకపోతే నాకు అన్నం దిగదు.

అడగాల్సిన మాట అడిగింది ఆయమ్మ. ఇది ఏ ఇంటిదప్పా, మా సీజర్‌కు ఏమన్నా అవుతుందా అని. బెంగళూరు నుంచి తెప్పించినా పెద్దమ్మా, మీవాడికి ఏమీ కాదు అన్నాడు ముద్దుకృష్ణ. ఎర్ర బెల్టు, పౌడరు వాసన. టైల్సు మీద నిలబడేదానికి చేతకాక కాళ్ళు నాలుగు పక్కలకూ జారతాండాయి దానికి. పాపం, బెంగళూరు కుక్క కదా, మన టైల్సు అలవాటు లేదనుకున్నా నేను.

అప్పుడు వచ్చింది సుమలత. భోజనం బ్యాగు చేతిలో ఉండాది. గేటు తీసింది.

ఆ కుక్క తిరిగి చూసింది. చెవి చూసింది ఈ పిల్ల. పాదాలు చూసింది. అది జారుకుంటా దగ్గరికి వచ్చి, ఈ పిల్ల చేతిని వాసన చూసింది.

మునిరత్నమ్మకు వాడి మాట మీద పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. వేలికి పసుపు పెట్టుకోని కోడలి పక్క తిరిగి అడిగింది.

"ఏం సుమలతా, ఈయప్ప శానాసేపటి నుంచి కాచుకోనుండాడు. తోలమంటావా?"

"మీ ఇష్టమత్తా," అనింది సుమలత.

అని లోపలికి పోయింది. మిక్సీ తిప్పిన శబ్దం వచ్చింది. శానాసేపు తిప్పింది. ఆ దినం వాళ్ళింట్లో చట్నీ లేదు, పొడి లేదు. నేను కనుక్కున్నా.

మునిరత్నమ్మ ఆ కుక్క నొసట పసుపు పెట్టింది. చెంబుడు నీళ్ళు పోసింది.

తర్వాత? తర్వాత ఏముంది. పిల్లలు పుట్టినాయి. మాట ప్రకారం మగదాని ఇంటికి రావాల్సిన పిల్లను ముద్దుకృష్ణ తెచ్చి ఇచ్చినాడు. వాడు మాట తప్పే మనిషి కాదు. అమ్ముడుపోని పిల్లను తెచ్చినాడు. కండ్లు తెరవలేదు దానికి. అంగిట్లో చీలిక. పాలు పోస్తే ముక్కులో నుంచి బయటికి వచ్చేవి. సుమలత దాన్ని చూసిన క్షణమే గది తలుపు వేసుకునింది. నర్సు కదా, ఎందుకట్ల పుట్టిందో తనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మునిరత్నమ్మే పడింది దానితో. దూది తడిపి, చుక్క చుక్కగా నాలుక మీద పిండి, దాన్ని ఒళ్ళోనే పెట్టుకోని కూర్చునేది. నిలవలేదది. కరివేపాకు చెట్టు కింద గుంత తీసి పెట్టినారు. ఆ గుంత కాడ కూర్చోని ఆయమ్మ నాతో ఏమనిందో తెలుసా?

"నా చెయ్యి మంచిది కాదు పాపక్కా. నా చేతి పసుపే దాన్నట్ల చేసింది."

నేను ఊరుకో అన్నా. వట్టి మాటలని అన్నా. ఆయమ్మ వినలేదు.

ఈ కాలనీలో సీమంతమంటే ముందర మునిరత్నమ్మను పిలిచేవాళ్ళు, పసుపు రాసేదానికి. చల్లని చెయ్యి అని. ఇప్పుడు పిలిస్తే వస్తాది, వెనక వరసలో గోడకు ఆనుకోని నిలబడతాది. పసుపు గిన్నె తన దగ్గరికి వస్తే పక్కనుండే ఆయమ్మకు ఇచ్చేస్తాది. సొంత ఇంటి గడపకే పసుపు రాయడం లేదు నాయనా. పోయిన శుక్రవారం సుమలత రాస్తాండాది. ఆయమ్మ దూరంగా కూర్చోని చూస్తాండాది.

ఆ గడప రాసి లేచి ఈ పిల్ల నేరుగా మా మిద్దె మీదికి వచ్చింది. నేను బట్టలు ఆరేస్తాండా. నా చేతిలో చీర రెండో కొస పట్టుకోని, పిండతా పిండతా చెప్పింది.

"అక్కా, అది సీజర్ వాళ్ళమ్మ. నాకు గేటు కాడే తెలుసు."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత చీర కొస విడిచిపెట్టేసినా. మరి యాల చెప్పలేదే అన్నా. అప్పుడు చెప్తే, కొన్న దినం వెనక ఏం చూసినానో కూడా చెప్పాల్సి వస్తుంది కదక్కా, అనింది. అంతే. ఒక్కమాట దాచింది, ఆ మాట మీద రెండోది నిలబెట్టింది. అత్త అడగనే అడిగింది, ఎదురుగా నిలబడి అడిగింది. ఈ పిల్ల కాదని ఉంటే పసుపు గిన్నె లోపలికి పోయేది. ఇప్పుడు ఆ తప్పు ఎవరు మోస్తాండారో చూడు. చేసిన ముద్దుకృష్ణ మోయడం లేదు. ఇంకో షెడ్డు లేపినాడు. దాచిన ఈ పిల్ల స్టేటస్లు పెడతాండాది. ఏమీ తెలీని ముసలామె తన చేతినే చూసుకోని భయపడతాండాది.

మీ అత్తకు చెప్పు తల్లీ అన్నా. నోరు రాదక్కా అనింది.

నేను ఎవరికీ చెప్పలేదు. నిజం. నువ్వు నమ్మవు. ఈ కాలనీలో కూడా ఎవరూ నమ్మరు.

ఆ కుక్కపిల్ల పోయినాక సుమలత ఒక్కటి మాత్రం చేసింది. సీజర్‌ను తిరుపతికి తీసుకోని పోయి ఆపరేషన్ చేయించింది, ఇంక పిల్లలు పుట్టకుండా. నరేంద్రకు తనకే చేసినట్టయింది. నాలుగు దినాలు మంచం దిగలేదు ఆయప్ప. కుక్క మాత్రం మరునాడే గేటు కాడ నిలబడి పాలాయన్ను అరిచింది.

ఇప్పుడు నీ దగ్గరుండే కుక్క సంగతికి వస్తా. మీ కుప్పంలో రైలు గేటు కాడ దొరికిందని నువ్వు ఫోన్లో ఫోటో పెట్టినావు కదా. ముసలిది, ఎవరన్నా తీసుకోండి అని. ఎడమ చెవి సగం లేదు. పాదాలు పరుచుకోనుండాయి. పిల్లలు చెడిపోయి పుట్టినాక ముద్దుకృష్ణకు అది దండగ. మదనపల్లిలో విడిస్తే ఎవరన్నా గుర్తుపడతారని అంత దూరం తీసుకోని పోయినట్టుండాడు. సుమలత డ్యూటీలో ఉండి ఆ ఫోటో చూసింది. చూసి నీకు ఫోన్ చేసింది. ముసలి కుక్కలంటే నాకిష్టమని నీతో చెప్పిందంట. ఇంకేమీ చెప్పలేదు.

ఆ, అదే. ఆ కుక్కే.

మజ్జిగ పక్కన పెట్టేసినావే. తాగు నాయనా.

నువ్వు వస్తాండావని తెలిసి పొద్దన్నే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. పాపక్కా, ఆయన నిన్ను తప్పకుండా అడుగుతాడు, ఉండేదంతా చెప్పెయ్ అనింది. యాలమ్మా, ఆ మాట తెలిస్తే ఇయ్యకపోతే ఏం చేస్తావు అన్నా. ఆ పిల్ల ఒక్కటే అనింది.

"దాచిపెట్టి తెచ్చుకుంటే ఇది కూడా కొనుక్కున్నట్టే అక్కా."

నా జన్మలో నన్ను ఎవరూ చెప్పమని అడగలేదు. చెప్పొద్దని ఒట్టేయించుకున్నోళ్ళే అందరూ. వాళ్ళవి చెప్పేదానికి నాకు ఎప్పుడూ ఆయాసం రాలేదు. ఈ పొద్దు ఒక్కో మాటా ఏరుకోని చెప్తాండా.

ఇప్పుడు నువ్వడిగిన దానికి జవాబు. బాగా చూసుకుంటుందా? చూసుకుంటుంది. వద్దన్నా చూసుకుంటుంది. పరుపు వేస్తుంది, పాదాలకు నూనె రాస్తుంది, సెలవులన్నీ దానికే పెడుతుంది. అది కాదు నా భయం. ఆ కుక్కకు కావాల్సింది రెండు పూటల బువ్వ, మెత్తగా ఒక చోటు. దాని ముందర కూర్చోని ఎవరన్నా రోజూ ఏడిస్తే దానికేం లాభం? ఇన్నాళ్ళూ ఇంకొకరి కోసం కనింది. ఇప్పుడు ఇంకొకరి పాపం కడిగే పని కూడా దానికే పెడతామా?

ఏమో. నాకు తెలీదు. నేను చదువుకున్నదాన్ని కాదు. వేరే యాడికన్నా ఇస్తే ఎవరు తీసుకుంటారు దాన్ని? ముసలిది, ఆడది, చెవి లేదు. మా కాలనీ వాళ్ళు కింద చూసి పెట్టేసి పోతారు.

ఏమంటాండావు? అత్తకు తెలుసా అనా?

తెలీదు. చెప్పినా కదా, ఆ పిల్లకు నోరు రాలేదని. తెచ్చుకున్నాక మెల్లగా చెప్తుందిలే.

ఎట్ల? తెలీకుండా ఇయ్యనంటావా? ఆ ముసలామె చేతితోనే కదా అది బువ్వ తినాల్సింది, పగలంతా ఆయమ్మే కదా ఇంట్లో ఉండేది అంటావు. నిజమే. ఆ చెవిని చూస్తే ఆయమ్మ గుర్తుపడుతుంది కూడా. తను పసుపు పెట్టిన కుక్కే తిరిగొచ్చిందని, తన మీదికే వచ్చిందని హడలిపోతుంది. నేను అంత దూరం ఆలోచించలేదు.

అదిగో, పొద్దన్నుంచి గేటు కాడనే నిలబడుండాది. చెయ్యి ఊపితే వస్తుంది. వస్తాండాది చూడు.

రామ్మా సుమలతా. నువ్వు చెప్పమన్నదంతా చెప్పినా. ఈయప్ప కోపం చేసుకోలేదు. కుక్కను ఇయ్యననీ అనలేదు. మీ అత్తకు తెలిసిన తర్వాతే ఇస్తానంటాండాడు. అది కూడా నన్ను చెప్పమనొద్దు. నీ నోటితో చెప్పాలంట, ఈయప్ప వినేటట్టు.

అట్ల చూస్తే నేనేం చెయ్యనమ్మా. ఆ దినం వేలికి పసుపు పెట్టుకోని ఆయమ్మ నిన్ను ఒక మాట అడిగింది, గుర్తుండాది కదా. దానికి జవాబు నా దగ్గర లేదు.

పోయింది. గమ్మున లోపలికి పోయింది చూసినావా? తలుపు కూడా దగ్గరికి వేసింది. అంతేలే నాయనా. ఇన్నాళ్ళూ రానిది నువ్వు అడగ్గానే వస్తుందా? మునిరత్నమ్మ బతికినన్నాళ్ళు ఆ వెనక వరసలోనే నిలబడుతుంది. నువ్వు బండి తీసుకో. పలమనేరు కాడ టీ తాగి పో, కుప్పం చేరేలోపల నిద్రొస్తుంది.

ఉండు.

తలుపు తీస్తాండారు.

ఇద్దరూ వస్తాండారు. అత్త చెయ్యి పట్టుకోని తోడుకోని వస్తాండాది. ఆయమ్మకు చెప్పులేసుకునే టైము కూడా ఇయ్యలేదు. ఏందే, ఏమైందే అని అడుగుతాండాది పాపం, నీ పక్క, నా పక్క చూస్తాండాది. ఈ పిల్ల మొగం చూడు, గోడ మాదిరి ఉండాది.

ఆ కుర్చీ ఆయమ్మకు వెయ్యి నాయనా. నిలబడి వినేది కాదది.

నేను లోపలికి పోతా. నవ్వొద్దు, నిజంగానే పోతా. ఈ కాలనీలో ఏ కత చెప్పినా ఇంతవరకూ రొంత కలిపే చెప్పినా. ఇది మాత్రం నీకు రొంత తగ్గించి చెప్పినా. ఆ తగ్గించింది ఆ పిల్ల చెప్తుంది. నేను వినలేను. నువ్వు విను.